గుండ్రటి కొసలు

రోజు 171

గీతల గది దినచర్య రాసేవాడు తన పేరూ అర్హతలూ మొదటి పుటలోనే విన్నవించుకోవాలని నియమం. విన్నవించుకుంటున్నాను. పేరు తాతబ్బాయి. ఒక్క పేరులో రెండు తరాలను ఇరికించిన ఘనత మా అమ్మది. వయసు ఇరవై మూడు. చదువు గీతాలంకరణలో పట్టా, ద్వితీయ శ్రేణి. ఉద్యోగం, నీళ్ళ మీద తేలే వాడల్లో నాలుగోదైన మా తేలువాడలో గీతల అలంకరణ సహాయకుడు. అంటే, పెద్ద తెర మీద ఏడు వాడల గీతలూ ఏ రంగులో, ఎంత లావులో, తెంపులతోనో తెంపుల్లేకుండానో కనపడాలని యంత్రానికి రాసిచ్చేవాణ్ణి. గీత ఎక్కడికి పోవాలో చెప్పే అధికారం నాకు లేదు. పోయేటప్పుడు ఎలా ముస్తాబై పోవాలో మాత్రం నేనే చెప్పాలి.

ఈ రోజు మంచు మూడు బారలు. అంటే మూడు బారల దూరం దాకా మనిషి మనిషిలా కనపడుతున్నాడు. ఆ తర్వాత తెలుపే. మంచిరోజు కిందే లెక్క.

పొద్దున్న గంట కొట్టగానే జనం ఫలహారం పళ్ళేలు పట్టుకుని తెర ముందుకొచ్చారు. వాడకీ వాడకీ మధ్య ఒక తాడు, తాడు వెంట ఒక తీగ. ఆ తీగలో మాటలు పట్టవు. క్షణానికొక అంకె పడుతుంది, అంతే: అవతలి వాడ ఎంత బరువుతో నీళ్ళ మీద కూర్చుని ఉందో. ఆ అంకెలే మాకు ఉత్తరాలు. గీత లేస్తే ఎవరో వచ్చారు. యాభై, అరవై కిలోలు ఒక్కసారి దిగితే ఎవరినో నీళ్ళకి అప్పగించారు. పురుడొస్తే మొత్తం బరువేం మారదు గనక, వాడంతా ఒకచోట చేరి ఒకేసారి మూడు గెంతులు గెంతుతుంది. గీత మీద మూడు పళ్ళు మొలుస్తాయి. చూసిన వాడల్లో పాయసం వండుతారు.

మా వంటశాల పెద్ద నూకరత్నం పిన్నిగారి కూతురు సుభాషిణిని ఆరో వాడకిచ్చారు. ఇప్పుడు ఎనిమిదో నెల. పిన్నిగారికి రెండు కళ్ళలోనూ శుక్లాలు.

"ఒరేయ్ తాతబ్బాయ్, మా అమ్మాయి గీత మరీ దారప్పోగులా ఉందిరా. నాకు ఆనట్లేదు. కాస్త ఒళ్ళు చెయ్యనియ్యి దాన్ని."

"గీతలకి ఒళ్ళు రాదండి పిన్నిగారూ. లావు వస్తుంది."

"ఏదోటి రానీ. కడుపుతో ఉన్న పిల్ల."

ఇంతటి శాస్త్రీయమైన వాదనను కాదనడానికి నా ద్వితీయ శ్రేణి చాలలేదు. లావు రెండును ఆరు చేశాను. అంత లావు గీతకు కొసలు చదునుగా ఉంటే నరికిన దుంగలా ఉందని కొసలు గుండ్రం చేశాను. రంగు గుమ్మడిపువ్వు.

మా గది అధికారి సోమసుందరం గారు కళ్ళజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. "ఏవయ్యా, ఇది గీతా, పడవ తాడా?"

"గీతేనండి. పెద్దల సౌకర్యార్థం."

"మరి మిగతా పెద్దలేం పాపం చేశారు?"

ఆ ప్రశ్న ఫలితంగా ఈ రోజు నుంచి ఏడు గీతలూ లావే, అన్ని కొసలూ గుండ్రమే. పిన్నిగారు తెర దాకా వెళ్ళి గుమ్మడిపువ్వు గీత మీద అరచెయ్యి ఆనించి, "ఆయ్, ఇప్పుడు తగులుతోంది," అన్నారు. నాకు రెండు గారెలు అదనంగా పడ్డాయి. ఇది లంచం కాదని ఇందుమూలంగా నమోదు చేయడమైనది.

రోజు 178

రెండు నెలలకోసారి అన్ని వాడలూ చుట్టొచ్చే పడవ బయల్దేరింది. దాంట్లో పిన్నిగారు కూతురికి పంపిన చింతకాయ పచ్చడి జాడీ ఒకటి, సోమసుందరం గారు అన్ని వాడలకూ పంపిన నా అలంకరణ పట్టిక ఒకటి ఉన్నాయి. ప్రతి వాడ యంత్రంలోనూ ఇకమీదట నా లావూ, నా కొసలూ ఉంటాయి. ఏడు వాడల ముసలివాళ్ళూ ఒకేసారి నన్ను దీవిస్తే ఆ బరువుకు మా వాడ మునుగుతుందేమోనని ఒక్కటే దిగులు.

పడవ నడిపేవాడు ఏసుపాదం. మనిషి నల్లరాయి, మాట దూది. పట్టికను జాడీ మూత కింద పెట్టుకుని, "తడవకుండా ఇస్తానండి," అన్నాడు. వారంలో చుట్టొచ్చేస్తాడు. ఆ తర్వాతి తిరుగు 240వ రోజునే.

రోజు 187

మధ్యాహ్నం ఆరో వాడ వైపు మంచు లోపలి నుంచి తెల్లగా వెలిగింది. శబ్దం చాలాసేపటికి వచ్చింది. పిడుగు. జనం చేతుల్లో పనులు వదిలి తెర ముందుకు పరిగెత్తారు.

ఆరో గీత చెక్కుచెదరలేదు. నిండుగా ఉంది.

కొత్తగా చదివేవారి కోసం రాస్తున్నాను: మా యంత్రానికి ఖాళీలంటే గిట్టదు. ఏదైనా వాడ నుంచి అంకె రాకపోతే, ఆ వాడ పాత అలవాట్లనూ, మా దగ్గరున్న మనుషుల పుస్తకాన్నీ చూసి, అక్కడ ఇప్పుడేం జరుగుతూ ఉంటుందో ఊహించి గీసేస్తుంది. దీన్ని పూరణ అంటాం. అది ఊహ అని తెలియడానికి ఆ గీతను తెంపులు తెంపులుగా గీస్తుంది. మూడు రోజులు తెంపులు కనపడితే ఆ వాడకి పడవ వెళ్ళాలి. వెళ్ళనివాళ్ళను నీళ్ళు క్షమించవని సోమసుందరం గారు ఏటా ఒకసారి నిలబడి చదువుతారు.

తెంపుల్లేవు. పిన్నిగారు వంటశాలకి వెళ్ళిపోయి, మాడిన ఉప్మాకు నన్ను బాధ్యుణ్ణి చేశారు.

రోజు 198

గెంతారు! పదిన్నరకి ఆరో గీత మీద మూడు పళ్ళు. పిన్నిగారు అరిచిన అరుపుకి తెర అదిరింది. పాయసం వండారు. ఆవిడ చూపు ఆనకపోయినా ఆ మూడు పళ్ళనీ వేలితో తడిమి తడిమి లెక్కపెట్టారు.

"మగపిల్లాడా, ఆడపిల్లా?"

"గీతలో అంత వివరం రాదండి."

"చదువుకున్నావు కదరా, చెప్పు!"

"ఆడపిల్లండి."

"నాకూ అలాగే అనిపించింది," అన్నారు తృప్తిగా.

పళ్ళు మూడూ అచ్చంగా ఒకే ఎత్తున ఉన్నాయి. పోయినేడు మా వాడ గెంతినప్పుడు సోమసుందరం గారు అరక్షణం ఆలస్యంగా నేలకి దిగారు. మూడో పన్ను పక్కన చిన్న పిల్లపన్ను మొలిచి, ఇతర వాడల్లో కవలలని పుకారు పుట్టింది. ఆరో వాడవాళ్ళ క్రమశిక్షణ చూసి నేర్చుకోవాలని ఆయనకి మనవి చేశాను. ఆయన నాకు పాయసం సగమే పోయించారు.

రోజు 206

ఈ పద్దు సరదాగా రాయలేను.

మంచం దిగలేనివాళ్ళ కోసం వారానికోసారి గీతలను అరచేతంత కాగితం మీద అచ్చువేసి ఇస్తాం. పోయిన వారాల్లో లావు తగ్గించకుండానే వేశాను. ఏడు గీతలూ ఒకదాని మీదొకటి పడి వానపాముల గంపలా ఉందని మంచాల మీదివాళ్ళు కబురు పెట్టారు. అందుకని ఈ రోజు కాగితానికి మాత్రం లావు ఒకటి అని రాశాను.

ఆరో గీత సగం నుంచి ముక్కలు ముక్కలుగా పడింది.

సిరా అయిపోయిందనుకున్నాను. సిరా నింపి మళ్ళీ వేశాను. మిగతా ఆరూ నిండుగా పడ్డాయి. ఆరోది మళ్ళీ అదే చోట నుంచి ముక్కలు. కాగితం కింద రోజుల అంకెలున్నాయి. ముక్కలు మొదలైన చోట 187 అని ఉంది.

అప్పుడు కూర్చుని, చదువుకునేటప్పుడు చెయ్యాల్సిన లెక్క ఒకటి చేశాను. తెంపుల గీతలో గీత ఆరు, ఖాళీ నాలుగు. కొసలు గుండ్రం చేస్తే ప్రతి ముక్కా అటూ ఇటూ లావులో సగం చొప్పున ముందుకు పొడుచుకొస్తుంది. లావు ఆరు. అటు మూడు, ఇటు మూడు. మధ్యలో ఉన్నది నాలుగే.

ఖాళీలు ఉన్నాయి. నా గుండ్రటి కొసలు వాటిని మింగేశాయి. పందొమ్మిది రోజులుగా ఆరో వాడ నుంచి ఒక్క అంకె రాలేదు.

సోమసుందరం గారికి కాగితం ఇచ్చాను. ఆయన తిట్టలేదు. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి చూసి, "ఆవిడకి నువ్వే చెప్పు," అన్నారు.

పిన్నిగారు వంకాయలు తరుగుతున్నారు. చెప్పాను. కత్తిపీట మీంచి లేవకుండానే విన్నారు.

"అయితే అక్కణ్ణుంచి ఏమీ రాట్లేదంటావు."

"పిడుగు పడ్డప్పటి నుంచండి."

"మరి ఆ గెంతులెవరు గెంతారు?"

"యంత్రమండి. మన పుస్తకంలో సుభాషిణి అక్కకి రాసిన పురిటి రోజు అదే. ఆ రోజుకి గెంతి ఉంటారని ఊహించి..."

"దానికి కాళ్ళెక్కడివిరా?" అన్నారు పిన్నిగారు. అడిగిన తీరులో వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగారు.

తర్వాత ఆవిడ చేతులు కడుక్కుని, "పడవెప్పుడు?" అన్నారు.

రోజు 207

పడవలో ముగ్గురం. తెడ్డు ఏసుపాదానిది. తప్పు నాది గనక నేను. "నా కూతురి దగ్గరికి నేను వెళ్ళడానికి మీ సంతకాలేంటి?" అన్నారు గనక పిన్నిగారు. ఎక్కేముందు నియమం ప్రకారం తూచారు. పుస్తకంలో పిన్నిగారికి పోయినేటి బరువు యాభై ఎనిమిది రాసి ఉంది. ముల్లు యాభై ఒకటి దగ్గర ఆగింది. కూతురు కాపురానికి వెళ్ళాక ఆవిడ వండిందే తప్ప తిన్నది లేదని వంటశాలలో అందరికీ తెలుసట. నాకు తెలియదు. అదనపు గారెలు తినే పనిలో ఉన్నాను.

తాడు పట్టుకుని పోవడమే. మంచు అరబార. పడవ ముందు కొనలో కూర్చున్న పిన్నిగారు నడుము దాకానే ఉన్నట్టున్నారు.

"వెనకాల ఇంకో తెడ్డు చప్పుడు వినపడుతోంది," అన్నాను.

"మనదేనండి. మంచు తిప్పి ఇస్తుంది," అన్నాడు ఏసుపాదం.

"మనం ఆగినా వినపడింది."

"మరైతే మాట్లాడకండి," అన్నాడు అంతే మెత్తగా.

రోజు 208

మధ్యాహ్నం మంచు కాస్త పలచబడి పసుప్పచ్చ దీపం కనపడింది. ఆరో వాడ తేలుతూనే ఉంది. నాకు ఊపిరి ఆడింది. గట్టు మీద వరసగా జనం. పిల్లలు, ముసలివాళ్ళు, ఒక మేక. వాడలో ముప్ఫై ఎనిమిది మంది ఉండాలి. నేను గబగబా లెక్కపెట్టాను. ముప్ఫై తొమ్మిది వచ్చారు. ముప్ఫై తొమ్మిదోది సుభాషిణి ఒళ్ళో గుడ్డల్లో ఉంది.

ఎవరూ చెయ్యి ఊపలేదు.

"పేర్లు చెప్పకండి," అంది ఒక గొంతు. ఆ వాడ గీతల గది పెద్దాయన మరిడియ్య గారు. చేతిలో పొడుగాటి గెడ. "ఎంతమందో చెప్పండి."

"ముగ్గురం."

ఇది మా వాడలోనూ ఉన్న నియమమే. మంచులోంచి వచ్చినవాళ్ళ బరువు తెర మీద పడేదాకా వాళ్ళను పేరుతో పిలవకూడదు, లోపలికి రానివ్వకూడదు. మంచు మనిషి రూపం తెస్తుంది గానీ బరువు తేలేదంటారు. అసలు ఈ నియమం ఎందుకు పుట్టిందని చిన్నప్పుడు అడిగితే మా అమ్మ అన్నం పెట్టి పడుకోబెట్టేసింది. ఇవతలి వైపు నిలబడటం నాకిదే మొదటిసారి.

పిన్నిగారికి నియమాలు పట్టవు, శుక్లాలూ అడ్డు రావు. "సుభా! ఎలా చిక్కిపోయావే! తలకి నూనైనా పెట్టుకోలేదు! ఏదీ, పిల్లని ఇలా తే!"

సుభాషిణి ఒకడుగు వెనక్కి వేసింది. తల్లి వైపు చూస్తూనే మరిడియ్య గారిని అడిగింది. "బాబాయ్, ఆ మాట్లాడేది ఎవరు?"

"బరువు పడ్డాక తెలుస్తుందమ్మా."

"మా అమ్మ గొంతులా ఉంది."

"అందుకే ఆగమంటున్నాను."

మరిడియ్య గారు నాతో చెప్పారు. పదకొండు రోజుల కిందట, 197న, వాళ్ళ తెర మీద నాలుగో వాడ గీత ఒక్కసారిగా యాభై ఎనిమిది కిలోలు దిగింది. నాలుగో వాడలో సరిగ్గా ఆ బరువు మనిషి ఒక్కరే ఉన్నారు. వయసు అరవై మూడు, గుండె నీరసమని వాళ్ళ పుస్తకంలోనూ రాసి ఉంది. ఆ తర్వాత ఆరు రోజులకి, 203న, సుభాషిణికి పురుడొచ్చింది. పురుడు పోసే తల్లి లేకుండా పోయిందని ఆ పిల్ల గోడ వైపు తిరిగి పడుకుందట. అయినా వాడంతా మూడు గెంతులూ గెంతింది.

"మీకు కనపడలేదా?" అన్నారాయన.

"ఐదు రోజుల ముందే కనపడ్డాయండి," అన్నాను.

"నేను చచ్చిపోయానా?" పిన్నిగారు పడవలోనే లేచి నిలబడ్డారు. "ఏ సన్నాసి చెప్పాడు?"

సన్నాసి ఆవిడ పక్కనే కూర్చున్నాడు. నేను గట్టు పక్కనే ఉన్న గీతల గది కిటికీ అద్దంలోంచి వాళ్ళ తెర చూస్తున్నాను. నాలుగో వాడ గీత లావుగా, నిండుగా, గుండ్రటి కొసలతో ముచ్చటగా ఉంది.

"ముందు ఆవిడ," అన్నారు మరిడియ్య గారు.

పిన్నిగారు రేవు తెప్ప మీద కాలు పెట్టి, అక్కణ్ణుంచి వాడ మీదికి ఎక్కారు. ముప్ఫై ఎనిమిది తలకాయల్లో ఒక్కటీ ఆవిడ వైపు లేదు. అన్నీ అద్దం వైపే. ఆరో వాడ సొంత గీత అలాగే పోతోంది. కదల్లేదు. ఒకరెవరో పిల్లల్ని వెనక్కి లాగారు. సుభాషిణి గుడ్డల మూటను గుండెకి అదుముకుంది.

"ఉండండుండండి," అన్నారు మరిడియ్య గారు. "పేరు ఎక్కించలేదుగా." లోపలికి వెళ్ళి పుస్తకంలో రాశారు.

అప్పుడు గీత లేచింది. యాభై ఎనిమిది.

జనం అందరూ ఒకేసారి ఊపిరి వదిలారు. సుభాషిణి "అమ్మా" అని ఒక్క ఉదుటున వచ్చి, పిల్లను ఆవిడ చేతుల్లో పెట్టి, ఆవిడ భుజం మీద తల వాల్చింది. పిన్నిగారు కూతుర్ని తిడుతూ, మనవరాల్ని ముద్దాడుతూ, మధ్యమధ్య నన్ను చూపించి "వీడే, వీడే" అంటున్నారు.

పడవ ఎక్కేటప్పుడు తూస్తే యాభై ఒకటే కదా అని నాకు తట్టింది. కానీ దాని గురించి నిలబడి ఆలోచించలేదు. తప్పు సరిదిద్దాలన్న తొందరలో ఉన్నాను. నా పేరూ, ఏసుపాదం పేరూ ఎక్కగానే వాళ్ళ యంత్రం ముందు కూర్చుని, "చూడండి, మీకు కనపడ్డ చావు ఒట్టి ఊహ. చూపిస్తాను," అన్నాను. నాలుగో వాడ గీత ఒక్కటీ మారిస్తే సరిపోయేది. హడావుడిలో ఇలా కొట్టాను:

అన్ని గీతలు: కొసలు చదును

తెర మీద గీతలన్నీ ఒక్కసారి పళ్ళికిలించాయి. నాలుగో వాడది 187 నుంచి తెంపులు. పిన్నిగారి చావు రెండు ముక్కల మధ్య జారిపోయిన దిగుడు. బాగానే ఉంది. మిగతా వాడలూ తెంపులే, తీగ తెగింది కాబట్టి.

ఆరో వాడ సొంత గీత కూడా తెంపులే. 187 నుంచి. ఇప్పుడు పిన్నిగారు ఎక్కినప్పుడు లేచిన ఆ యాభై ఎనిమిది కూడా తెంపులే.

పిడుగు తీగనే కాదు, ఈ వాడ బరువు కొలిచే ముల్లునూ కాల్చేసింది. రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. ఇరవై ఒక్క రోజులుగా వీళ్ళు తమ బరువును కూడా యంత్రం ఊహలోనే చూసుకుంటున్నారు. గీతను లేపింది పిన్నిగారి కాళ్ళు కాదు, మరిడియ్య గారి కలం.

తల్లితో పాటు గదిలోకి వచ్చిన సుభాషిణి తెరను చూసింది. తర్వాత తల్లి చేతుల్లోంచి పిల్లను చాలా నెమ్మదిగా, నిద్రపోయేవాళ్ళ దగ్గర్నుంచి తీసుకున్నట్టు, వెనక్కి తీసుకుంది.

రోజు 209

పెట్టె విప్పాం. లోపల మసి. కొత్త ముల్లు మా వాడ నుంచి రావాలి. ఏసుపాదం ఒక్కడే తిరిగి బయల్దేరాడు. తాడు పట్టుకుని మంచులోకి వెళ్ళేటప్పుడు ఎవరూ అతన్ని పేరు పెట్టి సాగనంపలేదు.

మా ఇద్దరికీ వాడ లోపల చోటు ఇవ్వలేదు. రేవు దగ్గర చూరు కింద చాప వేశారు. మర్యాదగానే చూస్తున్నారు. నాకు అన్నం పెట్టి, నేను తిన్నాక, పళ్ళెం నిజంగా ఖాళీ అయిందా అని మరిడియ్య గారు వేలితో తుడిచి చూశారు. మామూలుగా అయితే దీని మీద నేను అరపుట రాసేవాణ్ణి.

సుభాషిణి రెండు పూటలా తల్లికి పళ్ళెం తెచ్చి, బల్ల మీద పెట్టి, వెనక్కి నడుచుకుంటూ వెళ్ళింది. వెనక్కి తిరిగి కాదు. మొహం మా వైపే పెట్టి, అడుగులు వెనక్కి వేస్తూ. "అమ్మా, తిను," అంటుంది. అమ్మా అనే అంటుంది. వీపు మాత్రం చూపించదు.

పిన్నిగారు ముట్టుకోలేదు. "దగ్గర కూర్చుని వడ్డిస్తే తింటాను. కుక్కకి పెట్టినట్టు పెడితే తినను."

"పంతాలకిది సమయం కాదండి. మీకు గుండె నీరసం."

"నోర్ముయ్యరా. నీ గీతలు చూసే ఇక్కడిదాకా వచ్చాం."

నోరు మూసుకుని ఆలోచించాను. వాడ పెద్దది. ఒక మనిషి ఎక్కితే కంటికి ఆనేంత దిగదు. కానీ రేవు తెప్ప చిన్నది, రెండు మంచాలంత. ఒక పుల్లను తెప్ప అంచుకు నిలువుగా కట్టి, పిన్నిగారిని ఎక్కించి, నీళ్ళు వచ్చిన చోట చాకుతో గాటు పెట్టాను. దిగితే నీళ్ళు వేలెడు కిందికి. ఎక్కితే గాటు దాకా.

సుభాషిణిని పిలిచి చూపించాను. "యంత్రం లేదక్కా. పుస్తకం లేదు. పుల్ల, నీళ్ళు, మీ అమ్మ."

ఆమె వంగి చూసింది. పిన్నిగారు దిగారు, ఎక్కారు. నీళ్ళు గాటును తాకాయి. సుభాషిణి తలూపి లోపలికి వెళ్ళింది, వెనకడుగులతోనే. గంట తర్వాత మళ్ళీ వచ్చింది.

"ఇంకొక్కసారి," అంది.

పిన్నిగారు మోకాళ్ళు పట్టుకుని లేచి, తెప్ప దిగి గట్టెక్కి, మళ్ళీ తెప్ప ఎక్కారు.

"ఎంత?"

"గాటు దాకా."

గంటకోసారి. చీకటి పడేదాకా ఎనిమిదిసార్లు. పిన్నిగారు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. కూతురు వచ్చే వేళకి ముందే లేచి నిలబడి ఉండేవారు.

రోజు 210

పొద్దున్న నుంచి మళ్ళీ అదే. దిగడం, ఎక్కడం. గాటు దాకా, గాటు దాకా. పిన్నిగారు మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోలేదు. పడవ ఎక్కినప్పటి నుంచి లెక్కేస్తే నాలుగో రోజు. ఎక్కేటప్పుడు నా భుజం పట్టుకుంటున్నారు. ఆ చేతిలో పట్టు ఉంది గానీ బరువు లేదు.

మధ్యాహ్నం సుభాషిణి పిల్లనెత్తుకుని వచ్చింది. పిన్నిగారు దిగారు, ఎక్కారు. నేను పుల్ల దగ్గర వంగాను.

నీళ్ళు గాటును అందుకోలేదు.

నేను చదువుకున్నదల్లా గీతల లావు. వేరేవాళ్ళ కంటికి ఆనని తేడా అది. గాటు దాకా అనేస్తే అయిపోయేది. ఆ మాట నాలిక చివరికి వచ్చింది కూడా. మింగేశాను.

"గాటు దాకా రాలేదక్కా."

"ఎంత తక్కువ?"

"సన్నగీత లావు. లావు ఒకటి అని రాస్తే ఎంత వస్తుందో అంత."

ఆమె గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని వంగింది. మేం వచ్చాక తల్లికి అంత దగ్గరగా రావడం అదే. నీటి అంచుకీ గాటుకీ మధ్య పొడిగా ఉన్న ఆ కాస్త పుల్లనూ చూసింది. వేలి గోరు పెట్టి చూసింది.

"తగ్గింది," అంది.

"తగ్గింది."

"పుస్తకంలో తగ్గదు," అంది తనలో తను. "అది ఎప్పుడు గీసినా యాభై ఎనిమిదే గీస్తుంది."

తలెత్తి తల్లి మణికట్లు చూసింది. గాజులు మోచేతుల దాకా జారిపోయి ఉన్నాయి.

"నువ్వు తిని ఎన్నాళ్ళయింది?"

"నువ్వు వడ్డించి ఎన్నాళ్ళయిందో అన్నాళ్ళు," అన్నారు పిన్నిగారు. తిట్టినట్టే అన్నారు.

సుభాషిణి చేతులు చాచి, తెప్ప మీద కూర్చున్న తల్లి ఒళ్ళో పిల్లను పెట్టింది. లేచింది. మా వైపు వీపు తిప్పి, అన్నం తేవడానికి గబగబా లోపలికి నడిచింది. రెండు బారల తర్వాత మంచు ఆమెను మూసేసింది.

పసిదాని బరువుకు తెప్ప ఇంకొంచెం దిగింది. నీళ్ళు గాటును తాకాయి. చెబుదామని తలెత్తాను. అడిగే మనిషి అక్కడ లేదు.